ట్యాంకు నిండుతోంది, చివరి ఇళ్లకు నీళ్లు రావట్లేదు: రెండో ట్యాంకు అడగాలా, లీకేజీ వెతకాలా?

చివరి గల్లీ (నల్గొండ జిల్లా)

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక మున్సిపల్ టౌన్. ఊరి పేరు రాయడం లేదు. ఎవరినో నిలదీయాలని కాదు, దారి తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మా వార్డుకు ఐదు లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దాని కింద సుమారు 900 నల్లాలు. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వాల్వు తిప్పుతారు, ఏడున్నరకల్లా ట్యాంకు ఖాళీ. మా గల్లీలో 38 ఇళ్లు. మొదటి ఇళ్లలో సంపులు నిండి వాకిట్లోకి పొంగుతాయి. కల్వర్టు దాటాక మా వైపు ఉన్న ఇళ్లకు పావుగంట సన్నధార వచ్చి ఆగిపోతుంది. మోటరు బిగించినవాళ్లకు ఇంకో రెండు బిందెలు వస్తాయేమో. మిగతాదంతా ప్రైవేటు ట్యాంకరే. తాగడానికి క్యాన్లు కొంటున్నాం. బోరు నీళ్లు నోట్లో పోసుకునేలా లేవు, మన జిల్లా సంగతి మీకు తెలిసిందే.

మొన్న వార్డు మీటింగులో అందరూ కలిసి రెండో ట్యాంకు కోసం వినతిపత్రం రాద్దామన్నారు. సంతకాలు కూడా మొదలయ్యాయి. నాకు మాత్రం ఒక లెక్క కుదరట్లేదు. ఐదు లక్షలను 900తో భాగిస్తే ఇంటికి 555 లీటర్లు రావాలి. మాకు వంద కూడా రావట్లేదు. ముందున్న ఇళ్లవాళ్లు ఎంత తోడుకున్నా, వాళ్ల సంపులు ఎంతని పడతాయి? పైగా రోడ్డు మీద ఎక్కడా చుక్క నీరు కనిపించదు.

రెండు ప్రశ్నలు. పరికరాలేవీ లేకుండా, మామూలు మనుషులం, లీకేజీ ఉందో లేదో తెలుసుకోగలమా? రెండో ట్యాంకు కడితే మా చివరి ఇళ్లకు నీళ్లు వస్తాయా?

మిర్యాలగూడ నుంచి

అన్నా, మోటర్లే మీ సమస్య. నల్లా వచ్చే టైముకు గల్లీకి కరెంటు బంద్ పెట్టించండి. మా దగ్గర కొన్నాళ్లు అట్లనే చేశారు, చివరి ఇళ్లకు బానే వచ్చాయి. లీకేజీ ఉంటే రోడ్డు మీద కనపడకుండా ఎట్లుంటది?

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ (పాలమూరు)

తమ్ముడూ, నేను పాత పాలమూరు జిల్లాల నీటి సరఫరా పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన. వాల్వు తిప్పుడు నుంచి ట్యాంకు కడిగించుడు దాక అన్ని పనులూ చూసినోణ్ని. నీ 555 లీటర్ల లెక్క చదివి సంతోషమైంది. ట్యాంకు కావాలని సంతకాలు పెట్టే ప్రతి వార్డుల ఎవరన్నా ఒక్కరు ముందుగాల ఈ భాగహారం చెయ్యాలె.

ముందు ట్యాంకు సంగతి చెప్త. ఇప్పుడు అడగకుండ్రి. పైపుకు రంధ్రం ఉంటే నల్లా ఎంతసేపు నడుస్తదో ఆ రంధ్రం కూడా అంతసేపు నడుస్తది. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం తీసుకో, పెన్సిలు కూడా సరిగ్గ దూరదు. లైన్ల 10 మీటర్ల ప్రెషరు, అంటే నీళ్లు 10 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ప్రెషరు ఉంటే అందులకెళ్లి నిమిషానికి దాదాపు 14 లీటర్లు పోతయి. మీ గంటన్నరల 1,250 లీటర్ల పైమాటే. అంటే రెండిళ్ల వాటా ఒక్క రంధ్రం తాగేసింది. రెండో ట్యాంకు కట్టి మూడు గంటలు నీళ్లు ఇడిస్తే ఆ రంధ్రం నాలుగిళ్ల వాటా తాగుతది. ప్రెషరు కూడా పెరిగితే ఇంకా ఎక్కువ. పీవీసీ పైపు నిలువునా చీలి ఉంటే ప్రెషరు పెరిగినకొద్దీ ఆ చీలికే నోరు తెరుచుకుంటది, అందుకే ప్రెషరు రెండింతలైతే లీకు రెండింతలకు మించి కూడా పోవచ్చు. లక్షలు పెట్టి కట్టిన ట్యాంకుల నీళ్లు ముందు భూమికి, తర్వాత మీకు.

ఇగ మిర్యాలగూడ అన్న అడిగింది మంచి ప్రశ్న. లీకు రోడ్డు మీద ఎందుకు కనపడదు? 24 గంటలు నీళ్లుండే ఊర్ల లీకు దాగుడు కొంచెం కష్టం, నేల నాని నాని చాలాసార్లు ఎక్కడో ఒకచోట పైకి తేలుతది. మన దగ్గర లైను గంటన్నర నిండి, మళ్ల వాల్వు తిప్పేదాక 46 గంటలకు పైగా ఖాళీగ ఉంటది. ఆ గంటన్నరల కారిన నీళ్లు పక్కనున్న మోరీలకో, పూడ్చిన పాత బావిలకో దిగిపోతయి. పైన సీసీ రోడ్డు వేసినంక అసలే తెలవదు. నా సర్వీసుల పెద్ద పెద్ద లీకేజీలన్నీ పొడి రోడ్డు కిందనే దొరికినయి.

మోటర్లది తప్పు కాదని అనను. మోటరు పక్కింటోళ్ల నీళ్లు గుంజుతది, పంపకంల అన్యాయం చేస్తది. కానీ గుంజిన నీళ్లు ఏదో ఒక సంపులనే ఉంటయి గద. గల్లీ మొత్తం సంపుల నీళ్లు కూడితే లెక్కకు రావాలె. రాకపోతే అది మోటరు పని కాదు.

ఇప్పుడు మీ చేతనయ్యే పరీక్షలు. ట్యాంకుకు బయట గేజీ ఉంటది, లోపల నీటిమట్టం చూపిస్తది. ట్యాంకు వ్యాసం వాల్వు తిప్పే అతన్ని అడుగు. 12 మీటర్లు అనుకో, ఒక్క సెంటీమీటరు మట్టం దిగితే 1,130 లీటర్లు బయటికి పోయినట్టు. ఆరింటికి ఒక ఫొటో, బంద్ చేసినప్పుడు ఒక ఫొటో తీస్తే ఎన్ని నీళ్లు ఇడిచిండ్రో పక్కాగ తెలుస్తది. ఐదు లక్షల ట్యాంకు అన్నంత మాత్రాన రోజూ ఐదు లక్షలు నిండుతున్నయని అనుకోవద్దు. ఇది ముందు తేల్చుకోండి. ట్యాంకే సగం నిండుతుంటే మీరు తిట్టాల్సింది లైన్‌ను కాదు, ట్యాంకుకు వచ్చే నీళ్లను.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. తాపీమేస్త్రీ దగ్గర లెవెల్ పైపు ఉంటది చూడు, నీళ్లు నింపి గోడల మట్టం చూసే సన్న పారదర్శక పైపు. ఒకరోజు అందరినీ మోటర్లు ఆపమని బతిమాలండి. నల్లా వచ్చినంక ఆ పైపును నల్లా మూతికి గట్టిగ బిగించి, గోడ వెంబడి పైకి పట్టుకోండి. నీళ్లు ఎక్కడిదాక ఎక్కి ఆగుతయో అదే ఆ ఇంటి దగ్గరి ప్రెషరు. ఆరు మీటర్లు ఎక్కితే ఆరు మీటర్ల ప్రెషరు. ఒక్క అంతస్తు ఇళ్లకు చివర కూడా 7 మీటర్లు ఉండాలని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెప్పింది, రెండంతస్తులకు 12. అంత మన ఊర్లల్ల దొరకదు, తెలుసు. మనకు కావాల్సింది తేడా. మొదటి ఇంటి నుంచి నడుచుకుంట నాలుగైదు ఇళ్లకోసారి కొలవండి. మెల్లమెల్లగ తగ్గుకుంట పోతే అది పైపు సన్నదనం. ఎక్కడన్నా రెండిళ్ల నడుమ ఒక్కసారి పడిపోతే, లీకో, సగం మూసుకున్న వాల్వో, ఆ రెండిళ్ల నడుమనే ఉన్నది.

మూడోది సంపుల కొలత. పొడవు, వెడల్పు, నీళ్లు ఎంత ఎత్తు పెరిగినయి. గల్లీల అందరూ ఒప్పుకుంటే ఒక్క పూట పని.

ఎందుకు ఇంత పట్టుబట్టి చెప్తున్ననంటే, ఈ నీళ్లు ఊరికే వచ్చినవి కావు. సాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర మోటర్లతోని ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్ల పోస్తే, ఆడికెళ్లి కాలువల పానగల్ ఉదయసముద్రం చెరువు దాక వస్తయి. వెయ్యి లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు తోడాలంటే పంపు సామర్థ్యం 70 శాతం అనుకున్నా 0.4 యూనిట్ దాక కరెంటు కావాలె. శుద్ధి ఖర్చు వేరే. అది ఒక దిక్కు. ఇంకో దిక్కు, తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రమాణం. మీ జిల్లాల ఎన్నో ఊర్ల బోర్లు అది దాటినయి, నడుము వంగి కాళ్లు వంకరపోయిన మనుషులను కండ్లార చూసినం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టిండ్రు. ఆ జిల్లాల కృష్ణా నీళ్లు చివరి ఇంటికి చేరకుండ మోరీల పడితే, ఆ ఇంటోళ్లు మళ్ల బోరుకే పోతరు. నాకు బాధ అక్కడ.

లెక్కకు రాని నీళ్లల్ల అన్నీ లీకేజీలే ఉండవు. దొంగ కనెక్షన్లు, తిరగని మీటర్లు, బిల్లు లేకుండ ఇచ్చే నీళ్లు కూడా అందులకే వస్తయి. అన్నీ కలిపి 20 శాతం దాటొద్దని కేంద్రం 2008ల బెంచ్‌మార్కు పెట్టింది. 2021 అక్టోబరుల మొదలైన కేంద్రం పథకం అమృత్ 2.0 కూడా అదే 20 శాతం అన్నది. ఇది జరగని పని అనుకోవద్దు. కంబోడియా రాజధాని నామ్‌పెన్‌ల 1993ల 72 శాతం నీళ్లు లెక్కకు రాకుండ పోయేటివి. యుద్ధాలతోని చితికిపోయిన ఊరు అది. ఎక్ సొన్ చాన్ అనే ఇంజినీరు ఆ నీటి సంస్థ బాధ్యత తీసుకుని ప్రతి కనెక్షనుకు మీటరు పెట్టించిండు, పెద్దోళ్లకు, సర్కారు ఆఫీసులకు కూడా బిల్లు కట్టుడు తప్పనియ్యలే, లీకేజీలు వెతికే జట్లను పెట్టిండు. 2010 వచ్చేసరికి ఆ 72 ఆరు శాతం దగ్గరికి దిగింది. 2006ల ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చిండ్రు.

ముందు గేజీ ఫొటోలు, లెవెల్ పైపు. అయినంక ఈడనే రాయి, చూద్దాం.

ప్లంబర్, దేవరకొండ దిక్కు

ఇన్‌స్పెక్టర్ సార్ చెప్పింది నిజం. నేను కనెక్షన్లు ఇచ్చేటోణ్ని, ఒక ముచ్చట కలుపుత. పెద్ద పైపు పగిలింది తక్కువ. ఎక్కువ కారేది ఇంటి కనెక్షన్ జాయింటు కాడ.

పద్ధతి ప్రకారం అయితే లైన్ మీద శాడిల్ (పైపు చుట్టూత పట్టే పట్టీ) బిగించి, రబ్బరు వాషర్ పెట్టి, డ్రిల్లుతోని రంధ్రం చేసి, ఇంటి పైపు తగిలించే ఫెర్రూల్ ఎక్కించాలె. శాడిల్‌కు పైసలు అయితయని కొందరు ఇనుప కడ్డీ కాల్చి పీవీసీ పైపుకు బొక్క పొడుస్తరు. అందుల సన్న పైపు దూర్చి, చుట్టూత ఎంసీల్ పెట్టి, మీదికెళ్లి సైకిల్ ట్యూబు గుంజి కడ్తరు. ఆ దినం ఒక్క చుక్క కారదు. నల్లా వచ్చినప్పుడల్లా పైపు అదురుతది, బంద్ అయితే ఖాళీ అయితది. అట్ల అయితాంటే ఎంసీల్ పగుల్తది, ట్యూబు మెత్తబడ్తది. తవ్వి తీస్తే చెయ్యి పెట్టంగనే ఊడొచ్చినవి చూసిన. గల్లీల 38 ఇండ్లంటే 38 జాయింట్లు. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టినప్పుడు పాత కనెక్షన్‌కు డమ్మీ (మూత) కొట్టకుండ మట్టి కప్పినవి కూడా ఉంటయి. అవి ప్రతిసారి పూర్తి ధారతోని కారుతయి, అడిగే దిక్కు ఉండదు.

కండ్లతోని చూడాల్సింది ఇంకోటి ఉన్నది. పొద్దున నల్లా రాకముందు మోరీ చూడు, వచ్చినంక పది నిమిషాలకు మళ్ల అదే జాగల చూడు. నల్లటి నీళ్ల నడుమ తేట నీళ్ల పాయ కనపడితే, పైకి నడుచుకుంట పో. ఆ పాయ యాడ మొదలైతదో లీకు ఆడనే. ఎవరన్న బట్టలు పిండిన నీళ్లో, నల్లా నీళ్లో అని డౌటు వస్తే టీడీఎస్ పెన్ను, అదే నీళ్లల్ల కరిగిన ఉప్పు ఎంతనో చూపించేది, ముంచు. మీ దిక్కు బోరు నీళ్లకు, నల్లా నీళ్లకు నంబర్ల మస్తు తేడా ఉంటది.

ఆశా కార్యకర్త, వనపర్తి జిల్లా

మీరందరూ పోయే నీళ్ల గురించి రాస్తున్నారు. నేను లోపలికి వచ్చే నీళ్ల గురించి అడుగుతాను. మా ఏరియాలో వానాకాలం రాగానే ఒకే గల్లీలో వరుసగా వాంతులు, విరేచనాలు అవుతుంటాయి. పక్క గల్లీలో ఎవరికీ ఏమీ ఉండదు. రెండు గల్లీలకూ అదే ట్యాంకు. హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మురుగు క్రిములు ఉంటే నల్లబడే పరీక్ష సీసా) నల్లా నీళ్లు పోసి పెడితే ఆ గల్లీది మర్నాటికి నల్లబడింది. ట్యాంకు దగ్గర తీసిన నీళ్లు మాత్రం మారలేదు. ఇన్‌స్పెక్టర్ సార్, లీకు ఉన్నచోటి నుంచే మురికి లోపలికి పోతుందా?

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ (పాలమూరు)

అమ్మా, నూటికి నూరుపాళ్లు అదే. వాల్వు బంద్ చెయ్యంగనే లైన్ల నీళ్లు పల్లంల ఉన్న ఇళ్లకు దిగిపోతయి. వెనక ఖాళీ అయిన పైపు గాలిని గుంజుతది. రంధ్రం మోరీల మునిగి ఉంటే గాలికి బదులు మోరీ నీళ్లను గుంజుతది. మోటరు పెట్టి ఖాళీ లైన్‌ను లాగితే ఇంకా ఎక్కువ. మళ్ల నల్లా వచ్చినప్పుడు మొట్టమొదట ఇంట్లకు వచ్చేది ఆ నీళ్లే. అందుకనే మొదటి కొన్ని నిమిషాల నీళ్లు తాగడానికి పట్టుకోవద్దని ఇంటింటికి చెప్పు తల్లీ, బాత్రూముకో మొక్కలకో వాడుకోమను. చివరి ఇంటి నల్లాల క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా మిగలాలె. ట్యాంకు దగ్గర మంచిగ ఉండి గల్లీ చివర సున్నా చూపిస్తే, నడుమ ఎక్కడనో మురికి కలిసి క్లోరిన్‌ను తినేసి ఉండొచ్చు. నీ నల్లబడ్డ సీసా ఫొటో, గల్లీ పేరు, తారీఖు రాసి మీ డాక్టరమ్మ ద్వారా పంపించు. నీళ్లు చాలట్లేదన్న దరఖాస్తు ఫైల్ల పడి ఉంటది. రోగం వస్తున్నదన్న కాగితం కదులుతది.

చివరి గల్లీ (నల్గొండ జిల్లా)

అందరికీ చాలా కృతజ్ఞతలు. సార్ చెప్పినవి చేశాం.

గేజీ ప్రకారం ట్యాంకు నిండుగానే ఉంది, మొత్తం ఖాళీ చేశారు. అంటే ఐదు లక్షల దాకా నిజంగానే వదిలారు. మోటర్లు ఆపించడానికి ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. ఇద్దరు ఒప్పుకోలేదు. మిగతావాళ్లు ఆపారు. లెవెల్ పైపు మొదటి ఇంట్లో డాబా పిట్టగోడ దాకా ఎక్కింది, నాలుగున్నర మీటర్లు. కల్వర్టుకు ఇవతల ఇంట్లో నాలుగుకు కొంచెం తక్కువ. కల్వర్టు దాటాక మొదటి ఇంట్లో నా నడుము దాకా కూడా రాలేదు, మీటరు లోపే. మధ్యలో ఉన్నది కల్వర్టు ఒక్కటే.

ప్లంబర్ అన్న చెప్పినట్టు మోరీ చూశాం. కల్వర్టు కింద నుంచి పైపు అడ్డంగా మోరీలోనే పోతోంది. మునిగి ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. నల్లా వచ్చాక ఆ మూల నుంచి తేటనీళ్లు బుగ్గలా లేస్తున్నాయి. మా అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి చూసింది. మేము ట్యాంకరుకు డబ్బులు కట్టుకుంటూ ఉంటే మా నీళ్లు ఇక్కడ పోతున్నాయి. ఆశా అక్క రాసింది చదివాక ఇంకో భయం పట్టుకుంది, మేము తాగిన ఆ కాస్త నీళ్లూ ఈ మోరీ మీదుగా వచ్చినవే.

సంతకాల కాగితం మార్చి రాస్తున్నాం. రెండో ట్యాంకు మాట తీసేశాం. ఏమని రాయాలి? లీకు దగ్గర క్లాంపు (పైపు చుట్టూ బోల్టులతో బిగించే పట్టీ) వేస్తే సరిపోతుందా?

ప్లంబర్, దేవరకొండ దిక్కు

అన్నా, క్లాంపు వద్దని నా మాట. మోరీ నీళ్లల్ల క్లాంపు బోల్టులు తుప్పు పడ్తయి, మళ్ల అదే కథ.

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ (పాలమూరు)

శభాష్ తమ్ముడూ. మోటర్లు ఆపమని ఇంటింటికీ తిరిగి అడుగుడు అన్నిటికంటే కష్టమైన పని, అది చేసినవ్.

ప్లంబర్ తమ్ముడు చెప్పింది కరెక్టు. దరఖాస్తుల లీకేజీ రిపేరు అని రాయకుండ్రి, అట్ల రాస్తే క్లాంపు వేసి బిల్లు రాసుకుంటరు. కల్వర్టు దగ్గర మోరీల ఉన్న పైపును తీసేసి, మోరీ అడుగు కంటే పైకి, కల్వర్టు గోడ పక్క నుంచి కొత్త ముక్క వెయ్యాలని రాయండి. ఆ కొంచెం దూరానికి డీఐ పైపు, అంటే గట్టి ఇనుప పైపు అడగండి, దాన్ని ఇంకో పెద్ద పైపు లోపల తొడిగి వేస్తే మంచిది. రెండు దిక్కులా పీవీసీకి అతికే జాయింట్లు కూడా మోరీ బయటనే ఉండాలె. కల్వర్టుకు ముందు ఒక వాల్వు అడగండి. ఇప్పుడు గల్లీల ఏ రిపేరు వచ్చినా వార్డు మొత్తం బంద్ చెయ్యాల్సి వస్తది, వాల్వు ఉంటే మీ ముక్క ఒక్కటే బంద్ చెయ్యొచ్చు. కాగితానికి గేజీ ఫొటోలు, లెవెల్ పైపు కొలతల పట్టిక, తేటనీళ్లు లేస్తున్న వీడియో జతచెయ్యండి. కొలతలతోని వచ్చిన కాగితాన్ని ఇంజినీరు పక్కన పెట్టలేడు, నేను అటు బల్ల దిక్కు ఉన్నోణ్ని, నాకు తెలుసు.

ఆ ముక్క మారినంక సంబురపడి ఇంటికి పోకండి. మీ చివరి దిక్కు ఇన్నేండ్లు ప్రెషరు చూడని లైను. నాలుగు మీటర్లు ఒక్కసారి రాంగనే మెత్తబడ్డ ఎంసీల్ జాయింట్లు ఒక్కొక్కటి ఊడుతయి. పది పదిహేను దినాలు పొద్దున్నే మోరీ వెంబడి నడవండి, దొరికినవి రాసిపెట్టి ఒకేసారి శాడిల్ వేయించుకోండి. మళ్ల లెవెల్ పైపు పెట్టి అవే ఇళ్లల్ల కొలిచి, పాత అంకెల పక్కన రాయండి.

ఇంకొక్కటి మరువొద్దు. గుంత పూడ్చే రోజు గల్లీల నుంచి ఎవరన్నా ఇద్దరు దగ్గర ఉండండి. పైపు వెయ్యంగనే జేసీబీ మట్టి తోసేస్తది. వాల్వు తిప్పించి, ఒక గంట నీళ్లు నడిపించి, జాయింటు కింద పొడి మట్టి ఉన్నదా లేదా చేత్తో తడిమి చూసినంకనే పూడ్చమనండి.